పాత ప్యాటర్నులన్నీ అలాగే పనిచేస్తాయి(ట!)

సాఫ్ట్‌వేరు కొత్త వెర్షను విడుదలైనప్పుడల్లా దాని వెంట రిలీజ్ నోట్స్ అని ఒక కాగితం వస్తుంది. ఏం మారింది, ఏం మారలేదు, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఇవన్నీ అందులో ఉండాలి. రాసేవాడు దాన్ని చిట్టచివరి రోజు సాయంత్రం రాస్తాడు. చదవాల్సినవాడు ఏదో తగలబడ్డాక చదువుతాడు. ఇరవయ్యేళ్ళ పైచిలుకు ఈ వృత్తిలో ఉండి నేను రెండు వేషాలూ కట్టాను. ఇప్పుడు చెప్పేది రాసేవాడి వేషం గురించి.

2021లో మా క్లయింటు ఒకరికి డేటాబేసు మార్చాం. మైసీక్వెల్ 5.7 నుంచి 8.0కి. ఆసుపత్రుల రికార్డుల వ్యవహారం, అంతకంటే వివరాలు చెప్పను. పని సజావుగానే జరిగింది. ఆఖర్న రిలీజ్ నోట్స్‌లో వెతుకులాట గురించి నేను రెండు వాక్యాలు రాశాను. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటాయి: "రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో మీరు ఇంతకుముందు రాసుకున్న ప్యాటర్నులన్నీ అలాగే పనిచేస్తాయి. పైగా ఇప్పుడు ఏ భాషలోనైనా చుక్క అంటే ఒక అక్షరం." 

రెండూ తప్పే. రెండో వాక్యం ఎవరూ అడక్కుండానే, తెలుగువాడిననే ఉత్సాహం కొద్దీ తగిలించాను. దాని సంగతి తర్వాత.

మొదటి వాక్యం తప్పని కనిపెట్టింది నేను కాదు, మా టెస్టింగు వాళ్ళూ కాదు. క్లయింటు దగ్గర మందుల రికార్డులు చూసే ఒక అమెరికన్ పెద్దావిడ. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉంది. ప్రతినెలా ఆవిడ ఒక రిపోర్టు తీస్తుంది: డాక్టర్లు, నర్సులు స్వేచ్ఛగా టైపు చేసిన నోట్సులో ఫలానా మందు పేరూ, దాని తర్వాత ఎక్కడో ఒకచోట రాష్ అనో హైవ్స్ అనో (దద్దుర్లు అన్నమాట) ఉంటే, ఆ రోగి ఎలర్జీల జాబితాలో ఆ మందు ఎక్కిందో లేదో చూడటానికి. నోట్సులో రాసి జాబితాలో ఎక్కించడం మర్చిపోయే కేసులు పట్టుకోవడమే దాని ప్రయోజనం. ఆవిడ వాడే ప్యాటర్ను చాలా చిన్నది: పెనిసిలిన్.*(రాష్|హైవ్స్). చుక్క అంటే ఏదో ఒక అక్షరం, నక్షత్రం అంటే అలాంటివి ఎన్నైనా, నిలువుగీత అంటే ఇదో అదో.

డేటాబేసు మారిన రెండో నెలలో ఆవిడ నుంచి ఈమెయిలు వచ్చింది. పోయిన నెల రిపోర్టులో తనకి గుర్తున్న ముగ్గురు రోగులు కనిపించటం లేదట. రికార్డుల్లో ఉన్నారు, నోట్సులో దద్దుర్లూ ఉన్నాయి, రిపోర్టులో మాత్రం లేరు. ఎర్రరు ఏమీ రాలేదు. "మీ కాగితంలో ఏమీ మారలేదని రాశారు కాబట్టి తప్పు నాదేనేమో అని రెండు రోజులు వెతుక్కున్నాను" అని చివర్లో రాసింది. ఆ మాట చదివాక నాకు ఆ పూట కాఫీ దిగలేదు.

తీసి చూస్తే ఆ మూడు నోట్సుల్లోనూ ఒకటే తేడా. రాసినవాళ్ళు పెనిసిలిన్ అని కొట్టి, ఎంటర్ నొక్కి, కింది లైనులో దద్దుర్ల సంగతి రాశారు. పాత డేటాబేసులో చుక్క ఆ లైను విరుపుని కూడా దాటేది. కొత్తదాంట్లో దాటదు. అంతే తేడా. లేని తేడా అని నేను సంతకం పెట్టిన తేడా.

ఒక చుక్క లైను చివర ఆగాలా, దాటాలా? ఇంత చిన్న విషయం మీద రెండు వంశాలు ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. వాడుతున్నాను గానీ ఎక్కడినుంచి వచ్చిందో ఏనాడూ చూడలేదు. అందుకని ఆ వారాంతం కూర్చుని మొదట్నించీ చదివాను.

ఈ కథ కంప్యూటర్లలో మొదలవలేదు, మెదడులో మొదలైంది. 1943లో మెకల్లక్, పిట్స్ అనే ఇద్దరు నాడీకణాలని లెక్కల్లో పెట్టి ఒక వ్యాసం రాశారు. 1951 వేసవిలో స్టీఫెన్ క్లేనీ అనే తర్కశాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని ర్యాండ్ సంస్థలో పనిచేస్తూ, అలాంటి నాడీవలలు ఎలాంటి సంఘటనల వరసలని గుర్తుపట్టగలవు అనే ప్రశ్న తీసుకున్నాడు. అలా గుర్తుపట్టగలిగేవాటికి ఆయన "రెగ్యులర్" అని పేరు పెట్టాడు. ఆ పేరు ఆయనకే అంతగా నచ్చలేదు, ఇంతకంటే మంచి మాట ఉంటే చెప్పండని వ్యాసంలోనే అడిగాడు. ఎవరూ చెప్పినట్టు లేదు, డెబ్బై ఏళ్ళుగా అదే నడుస్తోంది. "ఎన్నిసార్లైనా" అనడానికి వాడే నక్షత్రం గుర్తు ఆయన చలవే. వ్యాసం 1956లో పుస్తకంలో అచ్చయింది. అందులో లైన్లు లేవు, ఎంటర్ కీ లేదు. వరసగా వచ్చే గుర్తులు, అంతే.

దాన్ని పనిముట్టుగా మార్చినవాడు బెల్ ల్యాబ్స్‌లో కెన్ టాంప్సన్. క్యూఈడీ అనే ఎడిటరుని ఆయన ఐబీఎం 7094 మీద తిరగరాసినప్పుడు అందులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు పెట్టాడు. ఎలా పెట్టాడో 1968లో ఒక వ్యాసంలో చెప్పాడు: మీరు ప్యాటర్ను ఇస్తే దాన్ని అప్పటికప్పుడు ఆ మెషీను కోడుగా మార్చి నడిపిస్తుంది. నాలుగు పేజీల వ్యాసం, ఇప్పటికీ చదవదగ్గది. తర్వాత యూనిక్స్‌లో ఈడీ అనే చిన్న ఎడిటరు, దాన్నుంచి గ్రెప్ వచ్చాయి. గ్రెప్ పుట్టుక గురించి బ్రయన్ కెర్నిగన్ చెప్పే కథ బావుంటుంది. వాళ్ళ సహోద్యోగి లీ మెక్‌మాన్‌కి అమెరికా రాజ్యాంగం నాటి ఫెడరలిస్ట్ పేపర్స్ మీద ఆసక్తి. ఏ వ్యాసం ఎవరు రాశారో మాటల వాడకాన్ని బట్టి తేల్చాలని ఆయన ప్రయత్నం. ఆ టెక్స్టు అంతా ఈడీలో పట్టలేదు. దాంతో ఈడీలోని వెతికే భాగాన్ని విడదీసి ప్రత్యేక ప్రోగ్రాముగా చేశారు. 1973 నాటి యూనిక్స్ మాన్యువల్లో గ్రెప్ కనబడుతుంది.

మన కథకి కావలసిన ముక్క ఇక్కడుంది. ఈడీ లైనుల ఎడిటరు. గ్రెప్ ఫైలుని ఒక్కొక్క లైనుగా చదివి, దొరికిన లైనుని చూపిస్తుంది. ప్యాటర్ను ముందుకి వచ్చేసరికి లైను చివరి గుర్తు అక్కడ ఉండదు. కాబట్టి చుక్క లైను విరుపుకి సరిపోతుందా లేదా అనే ప్రశ్న ఎవరికీ రాలేదు. ఎవరి ఇంటి ముందూ ఏరు లేనప్పుడు వంతెన సంగతి ఎవరడుగుతారు?

(ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. 2021లో నేను రాసుకున్న టెస్టు వాక్యాలన్నీ ఒక్క లైనువే. యాభై ఏళ్ళ తర్వాత కూడా నేను గ్రెప్ లాగే ఆలోచిస్తున్నాను.)

ఆ ప్రశ్న వచ్చింది 1980లలో. కెనడాలో టొరొంటో విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో హెన్రీ స్పెన్సర్ అనే ప్రోగ్రామరు ఉండేవాడు. బెల్ ల్యాబ్స్ వాళ్ళ ఎనిమిదో ఎడిషన్ యూనిక్స్‌లోని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల లైబ్రరీ మాన్యువల్ చూసి, అలాంటిదే తన సొంతంగా రాసి, 1986లో యూజ్‌నెట్‌లో అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఈ స్పెన్సరే 1981 నుంచి పదేళ్ళపాటు యూజ్‌నెట్ సందేశాలన్నిటినీ మాగ్నెటిక్ టేపుల మీద దాచిపెట్టాడు. ఆ రోజుల ఇంటర్నెట్ చరిత్ర ఇవాళ మనకి మిగిలిందంటే చాలావరకు ఆ టేపుల పుణ్యం. చరిత్ర దాచే బుద్ధి ఉన్నవాడే ఈ లైబ్రరీ కూడా రాశాడన్నది నాకు ఎందుకో నచ్చింది.

లైబ్రరీ అంటే ఎవరైనా తమ ప్రోగ్రాములో అతికించుకోవచ్చు. అతికించుకున్నవాళ్ళందరూ గ్రెప్ లాగ లైను లైనుగా ఇవ్వరు కదా, పేరాలకి పేరాలే ఇస్తారు. అప్పుడు చుక్క ముందు ఏరు వచ్చింది. రెండు జవాబులు పుట్టాయి.

లారీ వాల్ 1987లో పెర్ల్ భాష తెచ్చాడు. మరుసటి ఏడాది రెండో వెర్షనులో స్పెన్సర్ లైబ్రరీని తీసుకుని, తన అవసరాలకి తగ్గట్టు మలుచుకున్నాడు. పెర్ల్ పద్ధతిలో చుక్క లైను విరుపు దగ్గర ఆగుతుంది. గ్రెప్ అలవాటు ఉన్నవాళ్ళకి అదే సహజం. దాటాలంటే చివర ఎస్ అనే అక్షరం తగిలించాలి, అది 1994లో ఐదో వెర్షనుతో వచ్చింది. తర్వాత వచ్చిన పైథాన్, జావా లాంటివన్నీ ఈ దారే పట్టాయి.

రెండో జవాబు ప్రమాణాల కమిటీది. 1992 నాటి పోసిక్స్ ప్రమాణంలో, ప్రోగ్రాము నుంచి పిలిచే లైబ్రరీకి లైను విరుపు కూడా మామూలు అక్షరమే. ప్రత్యేకంగా కోరితే తప్ప చుక్క దాన్ని దాటిపోతుంది. స్పెన్సర్ ఆ ప్రమాణానికి తగ్గట్టు ఇంకో లైబ్రరీ రాసి బర్క్‌లీ యూనిక్స్ వాళ్ళకి ఇచ్చాడు. అంటే ఒకే మనిషి కోడు రెండు వంశాలకీ మూలపురుషుడు, రెండు ఇళ్ళలో చుక్కకి రెండు అర్థాలు.

మైసీక్వెల్ వాళ్ళు తీసుకున్నది పోసిక్స్ తరహా స్పెన్సర్ లైబ్రరీ. పోస్ట్‌గ్రెస్ వాళ్ళదీ స్పెన్సర్ ఇల్లే. 2003లో 7.4 వెర్షనుకి, ఆయనే టీసీఎల్ భాష కోసం కొత్తగా రాసిన ఇంజనుని తెచ్చుకున్నారు, అందులోనూ మామూలుగా చుక్క లైను దాటుతుంది. ఒరాకిల్ వాళ్ళు 10జీలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు పెట్టినప్పుడు మాత్రం చుక్క ఆగేలా పెట్టారు. ఇక డేటాబేసులు పుట్టుకతో తెచ్చుకున్న లైక్ అనే పద్ధతి ఉంది. 1986 నాటి మొదటి సీక్వెల్ ప్రమాణంలోనే ఉంది. శాతం గుర్తు అంటే ఏమైనా ఎంతైనా, కింది గీత అంటే ఏదో ఒకటి. దాన్లో ఈ గొడవ లేదు, శాతం గుర్తు లైను విరుపుని ఎప్పుడూ పట్టించుకోలేదు. మా పెద్దావిడ రెండు లైక్‌లు రాసుకుని మధ్యలో లేదా అని పెట్టి ఉంటే ఏ బాధా ఉండేది కాదు. కానీ పదేళ్ళ క్రితం ఎవరో (నేను కాదు, ఒట్టు) ఆవిడకి నిలువుగీత నేర్పారు.

మధ్యలో రెంటినీ కలిపే ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. 1999 నాటి సీక్వెల్ ప్రమాణంలో సిమిలర్ టు అని పెట్టారు. శాతం గుర్తూ కింది గీతా లైక్‌వి, నిలువుగీతా నక్షత్రమూ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లవి. పోస్ట్‌గ్రెస్‌లో 2002 నుంచి ఉంది. దాన్ని ఇష్టపడి వాడేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. వదిలేద్దాం.

2018లో మైసీక్వెల్ ఇల్లు మారింది. 8.0 వెర్షనులో స్పెన్సర్ లైబ్రరీని తీసేసి ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీని పెట్టారు. ఐసీయూ పెర్ల్ వంశం. మారడానికి గట్టి కారణమే ఉంది, దానికి మన తెలుగే సాక్ష్యం, చెబుతాను. మారామన్న సంగతి వాళ్ళు దాచలేదు. తమ రిలీజ్ నోట్స్‌లో రాశారు, మాన్యువల్లో ఏమేం తేడా పడతాయో ఒక భాగమే పెట్టారు. మాట మొదలూ చివరా గుర్తుపట్టడానికి వాడే [[:<:]] [[:>:]] అనే వింత గుర్తులు ఇక చెల్లవని చెప్పారు. అవి వాడితే డేటాబేసు ఎర్రరు ఇచ్చి నిలబెట్టేస్తుంది. అలాంటివి మాకు ఓ పది దొరికాయి, దొరికినవన్నీ మార్చాం. మార్చి, "అన్నీ సరిచూశాం" అన్న ధీమాతో ఆ వాక్యం రాశాను. అరిచినవాటిని సరిచేసి, అరవనివి లేవనుకున్నాను. చుక్క అరవలేదు. తక్కువ వరసలు ఇచ్చి ఊరుకుంది.

ఇక సవరణ కథ. మా మేనేజరు మనవాడే, గుంటూరు అబ్బాయి, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. కోడు దిద్దడం గంట పని, ప్యాటర్ను మొదట్లో కుండలీకరణాల మధ్య ఒక ప్రశ్నార్థకమూ ఎస్ అక్షరమూ పెడితే ఐసీయూ చుక్క లైను దాటుతుంది. గొడవ కాగితం దగ్గర వచ్చింది.

"అన్నా, ఆ రెండు వాక్యాలూ తీసేసి పీడీఎఫ్ మళ్ళీ పెట్టేద్దాం. తేదీ అదే ఉంచుదాం. కెలుక్కోవడం ఎందుకు?" అన్నాడు.

"ఆవిడ దగ్గర పాత పీడీఎఫ్ ఉంది కదయ్యా."

"ఆవిడకి ఫోను చేసి చెబుదాం."

"ఆ వాక్యం నమ్మి తన ప్యాటర్నులు తిరిగి చూసుకోని వాళ్ళు ఇంకా ఎవరున్నారో నీకు తెలుసా?"

తెలీదు. నాకూ తెలీదు. అదే అసలు ఇబ్బంది. కోడులో తప్పు ఉంటే అది ఎక్కడెక్కడ నడుస్తోందో వెతికి పట్టుకోవచ్చు. వాక్యంలో తప్పు ఉంటే అది ఎవరెవరి బుర్రల్లో ఉందో ఏ ప్రోగ్రామూ చెప్పదు. చదివి, సరే మారలేదట అనుకుని, వెళ్ళిపోయినవాళ్ళని వెనక్కి పిలవాలంటే వాళ్ళకి కనబడేలా "మేం తప్పు చెప్పాం" అనాలి. నిశ్శబ్దంగా దిద్దితే, పాత కాగితం చదివినవాళ్ళకి మారిందని తెలీదు, కొత్త కాగితం చదివినవాళ్ళకి ఒకప్పుడు తప్పు ఉండేదని తెలీదు. మూడు రికార్డులు కనబడకపోవడానికి కారణం మాత్రం ఎక్కడా మిగలదు.

అబ్బాయి చెడ్డవాడు కాదు. ఆసుపత్రి వాళ్ళ దగ్గర తప్పు లిఖితపూర్వకంగా ఒప్పుకోవడం అంటే భయం, లాయర్ల దేశం కదా. నా వీసా రోజుల్లో అయితే నేనూ అదే అనేవాణ్ణేమో. చివరికి క్లయింటు వైపు నుంచే, అదీ ఆ పెద్దావిడ పైవాళ్ళ నుంచే, రాతపూర్వకంగా కావాలని వచ్చింది కాబట్టి సమస్య తీరిపోయింది. ఆ ముగ్గురి జాబితాలూ ఫార్మసీ వాళ్ళు సరిచేశారు. ఈలోపు వాళ్ళలో ఎవరికీ ఆ మందు పడలేదు. అది మా గొప్పతనం కాదు.

సవరణ ఎలా రాయాలో వెతుకుతుంటే నాకు మంచి నమూనా పోస్ట్‌గ్రెస్ వాళ్ళ దగ్గర దొరికింది. వాళ్ళకి రిలీజ్ నోట్స్ అంటే మొదట్నించీ పట్టింపు ఎక్కువ. ఒకప్పుడు సోర్సు కోడుతో పాటు వచ్చే ఆ ఫైలు పేరే "హిస్టరీ". పెద్ద వెర్షను నోట్సుని కోడు మార్పుల చిట్టా అంతా చదివి చాలా ఏళ్ళుగా బ్రూస్ మామ్జన్ కూర్చుతూ వస్తున్నాడు. బీటా సమయంలోనే బయటపెడతారు, కోడు రాసినవాళ్ళు వచ్చి "నేను చేసింది అది కాదు, ఇది" అని దిద్దుతారు. విడుదలకి ముందే తగువులన్నీ అయిపోతాయి.

2021 సెప్టెంబరులో వచ్చిన 14వ వెర్షను నోట్స్‌లో సరిగ్గా మా జబ్బు లాంటిదే ఒకటి ఉంది. బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద డీ పెడితే అంకె కానిది ఏదైనా అని అర్థం. పెద్ద డబ్ల్యూ పెడితే మాటలో భాగం కానిది ఏదైనా అని. లైను విరుపులని ప్రత్యేకంగా చూసే మోడ్‌లో ఇవి లైను విరుపుకి సరిపోయేవి కావు, ఇక నుంచి సరిపోతాయి. అదీ మార్పు. వాళ్ళు రాసింది రెండు మూడు వాక్యాలే. కానీ అందులో ఇదివరకు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంటుంది, ఎందుకు మార్చాం (మిగతా సిస్టములు ఇలాగే చేస్తాయి కాబట్టి), పాతదే కావాలంటే ఏం రాసుకోవాలి, నాలుగూ ఉన్నాయి. పైగా దాన్ని "పాతదానితో పొసగనివి" అనే శీర్షిక కింద పెట్టారు, మెరుగులు అనే శీర్షిక కింద కాదు. నేనైతే నా వాక్యాలని మెరుగుల కిందే పెట్టాను.

ఆ నాలుగూ ఉండేలా మొదటి సవరణ రాశాను. మొదటి వాక్యాన్ని కొట్టివేత గీతతో అలాగే ఉంచి, కింద తేదీ వేసి.

రెండో వాక్యం గుర్తుంది కదా, "ఏ భాషలోనైనా చుక్క అంటే ఒక అక్షరం". క్లయింటు దగ్గర తెలుగు నోట్సులు ఎవరూ రాయరు, దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ ఒకటి దిద్దుతూ పక్కనున్న దాన్ని వదిలేయడం కుదరలేదు. ఎందుకు రాశానో కూడా చెప్పాలి. మా ఊళ్ళో పిల్లలకి ఆదివారం తెలుగు క్లాసుంటుంది. అక్కడ ఆటల కోసం నేను ఇంట్లో ఒక పదాల పట్టిక పెట్టుకున్నాను, పాత మైసీక్వెల్లోనే. "మూడక్షరాల మాటలు ఇవ్వండి మాస్టారూ" అంటారు పిల్లలు. మూడు చుక్కలు పెట్టి వెతికితే ఏం వచ్చేవో తెలుసా? ఏ మాటా కాదు, ఒంటి అక్షరాలు. అ, ఆ, ఈ.

కారణం ఇది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. పాత స్పెన్సర్ లైబ్రరీ బైట్లనే చూస్తుంది, దానికి చుక్క అంటే ఒక బైటు. రాముడు అనే మాట పట్టాలంటే పద్దెనిమిది చుక్కలు కావాలి. చదరపు బ్రాకెట్లలో క, గ అని పెట్టి ఈ రెంటిలో ఏదో ఒకటి ఉన్న మాటలు ఇమ్మంటే పట్టిక మొత్తం తెచ్చి ముందు పోసేది. క బైట్లు 224, 176, 149. గ బైట్లు 224, 176, 151. లైబ్రరీకి అది "224 గానీ 176 గానీ 149 గానీ 151 గానీ" అని వినబడుతుంది. తెలుగులో ప్రతి గుర్తూ 224తోనే మొదలవుతుంది. తెలుగే కాదు, హిందీ, తమిళం, కన్నడం కూడా. అలా ఆ బ్రాకెట్టు ఆసేతుహిమాచలం అన్ని లిపులకీ సరిపోయేది. పాత మాన్యువల్లోనే ఈ పద్ధతి బైటు బైటుగా పనిచేస్తుందని, ఇలాంటి భాషలకి నమ్మదగింది కాదని హెచ్చరిక ఉండేది. ఇల్లు మారడానికి ఇదే గట్టి కారణం అన్నాను కదా.

ఐసీయూ వచ్చాక బైట్ల బాధ పోయింది. ఆ ఆనందంలో రాసిందే నా రెండో వాక్యం. కానీ ఐసీయూకి చుక్క అంటే యూనికోడ్ గుర్తు, మన అక్షరం కాదు. రాముడు మనకి మూడక్షరాలు. యూనికోడ్‌కి ర, దీర్ఘం, మ, కొమ్ము, డ, కొమ్ము. ఆరు. స్త్రీ మనకి ఒక్క అక్షరం. యూనికోడ్‌కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అదీ ఆరే. ఆరు చుక్కలు పెడితే రాముడూ స్త్రీ ఒకే వరసలో నిలబడతారు. లైక్‌లోని కింది గీతదీ ఇదే లెక్క.

మరి మన అక్షరాన్ని పట్టే గుర్తే లేదా? ఉంది, బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద ఎక్స్. మనిషి ఒక అక్షరంగా చూసే ముక్క అని దాని ఉద్దేశం. దాంతో సవరణ రాద్దామని చూస్తే అప్పటి యూనికోడ్ నియమాల ప్రకారం స్త్రీ ఒకటి కాదు, మూడు: స్, త్, రీ. పొల్లు దగ్గర విరిగిపోయేది. కాబట్టి 2021 సవరణలో నిజం ఇలా రాశాను: చుక్క అంటే ఒక యూనికోడ్ గుర్తు, భారతీయ భాషల్లో అది అక్షరంతో సమానం కాదు. పిల్లల ఆట కోసం మాత్రం గుణింతాలూ ఒత్తులూ లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాము విడిగా రాసుకున్నాను. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకి సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదనే నియమం చేరింది. ఆ నియమం ప్రకారం స్త్రీ ఒకటే. మీ డేటాబేసు లోపల ఉన్న ఐసీయూ ఆ తర్వాతిదా ముందుదా అన్నదాన్ని బట్టి అదే పెద్ద ఎక్స్ స్త్రీని ఒకటంటుంది లేదా మూడంటుంది. "పాత ప్యాటర్నులన్నీ అలాగే పనిచేస్తాయి" అని రాయబోయేవాళ్ళు అది కూడా చూసుకోవాలి మరి.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. సవరణ పంపిన మూడో రోజు మా పెద్దావిడ నుంచి ఇంకో ఈమెయిలు. థాంక్స్ చెప్పి, కింద ఒక ప్రశ్న: "ఆ ఎస్ అక్షరం పెడితే సరిగ్గా పాత డేటాబేసులో లాగే అని రాశారు. మా నోట్సులు కొన్ని పాత విండోస్ ప్రోగ్రాము నుంచి వస్తాయి, అవి కూడానా?"

విండోస్‌లో లైను చివర ఒక గుర్తు ఉండదు, రెండుంటాయి, టైపురైటరు రోజుల నుంచి వచ్చిన జంట. స్పెన్సర్ లైబ్రరీకి అవి రెండు చుక్కలు. ఐసీయూలో ఎస్ అక్షరం పెట్టినప్పుడు ఆ జంట మొత్తం ఒకే చుక్కకి సరిపోతుంది, వాళ్ళ మాన్యువల్లో రాసే ఉంది. చుక్క పక్కన నక్షత్రం ఉన్న ఆవిడ రిపోర్టుకి తేడా రాదు. కానీ "ఈ మాటకి ఆ మాటకి మధ్య నలభైకి మించకుండా" అని చుక్కలు లెక్కపెట్టే ప్యాటర్ను ఒకటి ఉంది ఆవిడ దగ్గర. దానికి వస్తుంది. 

"సరిగ్గా" అన్న మాట మీద గీత కొట్టి, ఆ రోజు తేదీ వేసి, సవరణకి సవరణ రాశాను. ఈసారి పంపేముందు ఆవిడకి చూపించాను. రెండు కామాలు దిద్ది పంపింది.